డాక్టర్ వైజ్‌మన్: అసిటోన్ నుంచి అధ్యక్ష పదవి దాకా

మా కెమిస్ట్రీ ల్యాబులో ప్రాక్టికల్ అయిపోయాక ఒక తంతు ఉంది. కడిగిన ఫ్లాస్కు తొందరగా ఆరాలంటే చివర్లో కాస్త అసిటోన్ పోసి గిరగిరా తిప్పి పారబోస్తాం. నిమిషంలో తడి మాయమైపోతుంది. దుబారా చేస్తే అటెండరు కేకలేస్తాడు. ఇన్నాళ్లుగా ఆ వాసన పీలుస్తున్నా, అసిటోన్‌కు ఒక చరిత్ర ఉంటుందని నాకు తోచలేదు. పోయిన ఏడు సెమినార్ కోసం లైబ్రరీలో కిణ్వ ప్రక్రియల గురించి చదువుతుంటే, ఒక పాత పుస్తకంలో వైజ్‌మన్ పద్ధతి అని అరపేజీ కనబడింది. మొక్కజొన్న పిండిని ఒక సూక్ష్మజీవి చేత పులియబెట్టించి అసిటోన్ తీసే పద్ధతి అది. కింద చిన్న అక్షరాల్లో, ఆ శాస్త్రవేత్తే తర్వాత ఇజ్రాయెల్ దేశానికి మొదటి అధ్యక్షుడయ్యాడని ఉంది. అచ్చుతప్పేమో అనుకున్నాను. కాదని తర్వాత తేలింది.

మహనీయుల జీవితాల మీద ఏదైనా రాయమని సావనీర్ కమిటీ మిత్రులు అడిగినప్పుడు, మదనపల్లెలో ఇంటర్ చదివినవాణ్ణి గనుక జిడ్డు కృష్ణమూర్తి గారి మీదో, అనిబిసెంట్ గారి మీదో రాస్తాననుకున్నారు. వాళ్ల మీద రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఈ అసిటోన్ మనిషి గురించి రాస్తానన్నాను. ఆయన్ను మహనీయుడనాలా, వద్దా అన్నది మాత్రం నాకే ఇంకా తేలలేదు.

ఆయన పేరు హయీమ్ వైజ్‌మన్. ఇంగ్లీషు అక్షరాలు చూసి నేను మొదట చైమ్ అని చదువుకున్నాను. హీబ్రూలో హయీమ్ అంటే జీవితమట. 1874 నవంబర్ 27న పిన్స్క్ పట్టణం దగ్గర మొటోల్ అనే పల్లెలో పుట్టాడు. అది అప్పట్లో రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది, ఇప్పుడు బెలారుస్‌లో ఉంది. తండ్రి కలప వ్యాపారి. చలికాలమంతా అడవిలో మాన్లు కొట్టించి, మంచు కరిగి నదులు పారగానే దుంగల్ని తెప్పలుగా కట్టి డాన్‌జిగ్ రేవుకు తోలుకుపోయేవాడు. ఇంట్లో 15 మంది పిల్లలు, హయీమ్ మూడోవాడు. రష్యాలో యూదులు ఎక్కడబడితే అక్కడ కాపురం ఉండడానికి లేదు, వాళ్లకు కేటాయించిన ప్రాంతాలు వేరుగా ఉండేవి. 1881లో జార్ చక్రవర్తి హత్య జరిగాక ఊళ్లకు ఊళ్లు యూదుల ఇళ్ల మీద పడి కొట్టారు, దోచారు. కాలేజీల్లో కూడా యూదు పిల్లలకు ఇన్ని సీట్లే అని లెక్క పెట్టారు. మనకు రిజర్వేషన్ అంటే చదువుకోని వర్గాలకు తలుపు తీయడం. అక్కడ లెక్క కట్టింది తలుపు మూయడానికి.

పదకొండేళ్ల వయసులో పిన్స్క్ పట్టణానికి చదువుకు వెళ్లబోతూ ఆ పిల్లవాడు తన పంతులుకు ఒక ఉత్తరం రాశాడు. యూదులు తమ పాత దేశానికి తిరిగి వెళ్లాలనీ, ఈ విషయంలో ఇంగ్లండు తమకు సాయపడుతుందనీ అందులో రాశాడట. తర్వాత అచ్చయిన ఆయన ఉత్తరాల సంపుటాల్లో మొదటిది అదే. పదకొండేళ్ల పిల్లవాడికి ఇంగ్లండు మీద అంత గురి ఎలా కుదిరిందో నాకు అర్థం కాలేదు. ఆ వయసులో నాకు తెలిసిన దూరదేశం బెంగళూరు.

రష్యాలో సీటు దొరకని యూదు విద్యార్థులందరిలాగే ఆయనా జర్మనీ చేరాడు. డార్మ్‌స్టాట్‌లో, ఆ తర్వాత బెర్లిన్‌లో రసాయన శాస్త్రం చదివాడు. ఖర్చుల కోసం ఒక హాస్టల్ బడిలో పాఠాలు చెప్పేవాడు. 1899లో స్విట్జర్లాండులోని ఫ్రీబూర్‌లో డాక్టరేటు తీసుకున్నాడు. రంగుల రసాయనాల మీద ఆయన పరిశోధన. అదే సమయంలో వియన్నా పత్రికా రచయిత థియోడర్ హెర్జల్, యూదులకంటూ ఒక దేశం కావాలని 1897లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో మొదటి జియోనిస్టు మహాసభ పెట్టాడు. వైజ్‌మన్ ఆ మొదటి సభకు పోలేకపోయాడు, మరుసటి ఏడు నుంచి వదల్లేదు. 1903లో కిషినేవ్ పట్టణంలో 49 మంది యూదుల్ని చంపారు. అప్పుడు బ్రిటిష్ వాళ్లు తూర్పు ఆఫ్రికాలో కొంత జాగా ఇస్తామన్నారు. హెర్జల్ కూడా సరే అనే ధోరణిలో ఉన్నాడు. వద్దని గట్టిగా నిలబడ్డ కుర్రవాళ్లలో వైజ్‌మన్ ఒకడు. ఇస్తే పాలస్తీనాయే కావాలి, వేరే ఏ జాగా అయినా అది తమది కాదు అన్నది వాళ్ల వాదన.

1904లో ఆయన ఇంగ్లండులోని మాంచెస్టర్ యూనివర్సిటీలో చేరాడు. భాష సరిగ్గా రాదు. రెండేళ్లు గడిచాక ఎన్నికల ప్రచారానికి వచ్చిన మాజీ ప్రధాని బాల్ఫర్‌ను కలిశాడు. ఆఫ్రికా జాగా ఎందుకు వద్దన్నారని ఆయన అడిగితే, లండన్‌కు బదులు పారిస్ ఇస్తామంటే మీరు తీసుకుంటారా అన్న అర్థంలో జవాబిచ్చాడట. ఆ గంట మాట్లాడిన మాట పదకొండేళ్ల తర్వాత పనికొచ్చింది. అదే 1906లో వెరా అనే వైద్య విద్యార్థినిని పెళ్లాడాడు, 1910లో బ్రిటిష్ పౌరుడయ్యాడు.

ఇప్పుడు మా సబ్జెక్టు. ఈ భాగం మాత్రం నేను తీరుబడిగా రాస్తాను. ఆర్ట్స్ మిత్రులు క్షమించాలి.

ఆయన మొదట వెతికింది అసిటోన్‌ను కాదు. అప్పట్లో మోటారు కార్లు పెరిగి రబ్బరుకు గిరాకీ వచ్చింది. పిండి పదార్థాన్ని పులియబెట్టి బ్యుటనాల్ తీస్తే, దాన్నుంచి కృత్రిమ రబ్బరు చేయవచ్చన్నది ఆలోచన. దానికి తగిన సూక్ష్మజీవి కోసం మట్టిలో, ధాన్యంలో వెతికాడు. చివరికి దొరికిన దాన్ని ఇప్పుడు క్లాస్ట్రిడియం అసిటోబ్యుటిలికం అంటున్నాం. గాలి తగిలితే పనిచేయని రకం అది. మూత బిగించిన పాత్రలో మొక్కజొన్న గంజి పోసి ఇది కలిపితే పిండిని తినేసి మూడు ద్రవాలు ఇస్తుంది. మూడు పాళ్లు అసిటోన్, ఆరు పాళ్లు బ్యుటనాల్, ఒక పాలు ఇథనాల్. ఆయనకు కావలసింది ఆ ఆరు పాళ్లు. మిగతాది వెంట వచ్చిన సరుకు. మా అమ్మ దోసెల పిండి పులియబెట్టేటప్పుడు ఇదే తతంగం జరుగుతుందని చెప్పలేను గానీ, వేడి చూసుకోవాలి, వేరే పురుగు పడకూడదు, వాసన మారితే పారబోయాలి అన్న జాగ్రత్తలు మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే.

1914లో యుద్ధం వచ్చింది. బ్రిటిష్ నౌకాదళం ఫిరంగుల్లో వాడే కార్డైట్ అనే పొగరాని మందు తయారీకి అసిటోన్ కావాలి. అందులోని నైట్రోగ్లిజరిన్‌నూ, గన్ కాటన్‌నూ మెత్తని ముద్దగా కలిపేది ఇదే. అంతవరకూ అసిటోన్‌ను కట్టెలు బట్టీ పెట్టి తీసేవాళ్లు. ఒక టన్నుకు 80 నుంచి 100 టన్నుల కట్టె పట్టేది, చాలావరకు బయటి దేశాల నుంచే వచ్చేది. నౌకాదళ మంత్రి చర్చిల్ తనను పిలిపించి 30 వేల టన్నులు కావాలన్నాడని వైజ్‌మన్ ఆత్మకథలో రాసుకున్నాడు. ల్యాబులో గాజు జాడీల్లో చేసినదాన్ని సారా బట్టీల పెద్ద తొట్లలోకి మార్చడం మాటలు కాదు. ఒక్క తొట్టిలో వేరే క్రిమి పడితే సరుకంతా నాశనం. ఆ పని ఆయన రెండేళ్లలో సాధించాడు. 1917లో జలాంతర్గాముల వల్ల ఓడలు మునిగి మొక్కజొన్న రాక ఆగిపోతే, ఇంగ్లండు బడిపిల్లల చేత అడవి చెస్ట్‌నట్ కాయలు ఏరించి వాటితో ప్రయత్నించారు. అవి అంత బాగా పనిచేయలేదట. కెనడాలోనూ, అమెరికాలోనూ మొక్కజొన్నతోనే కార్ఖానాలు నడిచాయి. యుద్ధం అయ్యాక, వద్దనుకున్న బ్యుటనాల్‌కే కార్ల పెయింట్లలో విలువ వచ్చింది.

అసిటోన్ ఇచ్చినందుకు ప్రతిఫలంగా పాలస్తీనాను ఇచ్చారని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆయుధ మంత్రిగా ఉండి తర్వాత ప్రధాని అయిన లాయిడ్ జార్జి తన జ్ఞాపకాల్లో అలాగే రాశాడు. వైజ్‌మన్ స్వయంగా దాన్ని అల్లావుద్దీన్ దీపం కథతో పోల్చి నవ్వేశాడు. చరిత్రకారులూ ఒప్పుకోరు. కెమిస్ట్రీ చేసిందల్లా ఆయనకు మంత్రుల గదుల తలుపులు తీయడం. లోపల కూర్చున్నవాళ్లకు యుద్ధంలో తమ లెక్కలు తమకున్నాయి. సూయజ్ కాలువ పక్కన తమ మాట వినే జనం ఉండాలన్నది ఒకటి, అమెరికాలోనూ రష్యాలోనూ యూదుల మద్దతు దొరుకుతుందన్నది మరొకటి. 1917 నవంబర్ 2న విదేశాంగ మంత్రి బాల్ఫర్ ఒక చిన్న ఉత్తరం మీద సంతకం చేశాడు. ఇంగ్లీషులో దాని సారాంశం 67 మాటలు. పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం ఏర్పడడానికి ప్రభుత్వం సాయపడుతుందనీ, అక్కడ ఉన్న యూదేతరుల పౌర, మత హక్కులకు భంగం రాకూడదనీ అందులో ఉంది. ఆ యూదేతరులు అప్పటికి దేశంలో పదింట తొమ్మిది మంది. వాళ్ల పేరు అరబ్బులని గానీ, వాళ్లకు రాజకీయ హక్కులుంటాయని గానీ ఉత్తరంలో ఎక్కడా లేదు. 1915, 16లలో ఇదే బ్రిటిష్ వాళ్లు మక్కా షరీఫు హుస్సేన్‌కు అరబ్బుల స్వాతంత్ర్యం గురించి మాట ఇచ్చి ఉన్నారు. ఫ్రెంచి వాళ్లతో రహస్యంగా పంపకం కాగితం కూడా రాసుకున్నారు. ఒకే చేనును ముగ్గురికి అగ్రిమెంటు రాసిచ్చేవాణ్ణి మా వైపు ఏమంటారో ఇక్కడ రాయలేను.

మన చరిత్ర మేష్టార్లకు తెలిసిన ఒక పేరు ఇక్కడ వస్తుంది. ఆ మంత్రివర్గంలో ఉన్న ఒకే ఒక యూదుడు ఎడ్విన్ మాంటేగు, మనం పరీక్షల్లో రాసే మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల మాంటేగు, భారత మంత్రి. ఆయన ఈ ఉత్తరాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. యూదులకు వేరే దేశం ఉందంటే ఉన్న దేశాల్లో వాళ్లను పరాయివాళ్లుగా చూస్తారన్నది ఆయన భయం. 1915లో మదనపల్లెలో కాలేజీ పెట్టిన అనిబిసెంట్ గారిని 1917 జూన్‌లో ఊటీలో నిర్బంధించారు. ఆగస్టులో మాంటేగు భారత ప్రజలకు క్రమంగా బాధ్యతాయుత పాలన ఇస్తామని ప్రకటించాక సెప్టెంబర్‌లో విడుదల చేశారు. అక్టోబర్‌లో మాంటేగు మన దేశానికి ఓడ ఎక్కాడు. ఆయన దారిలో ఉండగానే అక్కడ బాల్ఫర్ సంతకం పడింది.

ఆ నేల మీద మనవాళ్ల రక్తమూ పడింది. 1918 సెప్టెంబర్ 23న హైఫా పట్టణాన్ని తుర్కుల నుంచి గెలిచింది జోధ్‌పూర్, మైసూరు సంస్థానాల ఆశ్వికులు. అదే బ్రిగేడులో హైదరాబాద్ నిజాం లాన్సర్లు కూడా ఉన్నారు. ఢిల్లీలో తీన్ మూర్తి అంటే ఈ మూడు సంస్థానాల సైనికుల విగ్రహాలే. మా కుప్పం, పుంగనూరు పల్లెలకు మైసూరు సరిహద్దు కూతవేటు దూరం. ఆ గుర్రాల మీద పోయినవాళ్లకు తాము ఎవరి దేశాన్ని ఎవరికి గెలిచి ఇస్తున్నారో ఎవరైనా చెప్పి ఉంటారా?

వైజ్‌మన్ 1918లో పాలస్తీనా వెళ్లి, ఇంకా యుద్ధం ముగియకముందే జులైలో జెరూసలేం పక్క కొండ మీద హీబ్రూ విశ్వవిద్యాలయానికి పునాది రాళ్లు వేయించాడు. అది 1925లో తెరుచుకుంది. దేశం రాకముందే యూనివర్సిటీ కట్టాలన్న ఆ పట్టుదల నాకు నచ్చింది. అదే ఏడు ఎడారిలో ప్రయాణం చేసి షరీఫు కొడుకు ఫైజల్‌ను కలిశాడు. 1919 జనవరి 3న ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. అరబ్బులకు మాట ఇచ్చిన స్వాతంత్ర్యం దక్కితేనే ఈ ఒప్పందం చెల్లుతుందని ఫైజల్ కింద అరబ్బీలో రాసి సంతకం చేశాడు. 1920లో ఫ్రెంచి వాళ్లు ఫైజల్‌ను డమాస్కస్ నుంచి తరిమేశారు. ఒప్పందం అక్కడితో సరి. నాకు తట్టిన సందేహం వేరే. పాలస్తీనాలో దున్నుకునేవాళ్లను ఆ ఒప్పందానికి ఎవరూ పిలవలేదు. ఒకాయన లండన్ నుంచి, ఒకాయన మక్కా నుంచి వచ్చారు.

1922 జనాభా లెక్కల్లో పాలస్తీనా జనం 7,57,182. అందులో యూదులు 83,794. జియోనిస్టు సంస్థ అధ్యక్షుడిగా 1920 నుంచి వైజ్‌మన్ పని ప్రపంచమంతా తిరిగి డబ్బు పోగుచేయడం, ఆ డబ్బుతో భూములు కొనడం. 1921లో అమెరికా పోయినప్పుడు ఐన్‌స్టీన్‌ను కూడా వెంట తీసుకెళ్లాడు. దౌర్జన్యం చేయలేదు, ధర పెట్టి కొన్నాము అన్నది వాళ్ల మాట. అది అబద్ధం కాదు. కానీ అమ్మినవాళ్లెవరు? జెజ్రీల్ లోయలో పెద్ద పెద్ద కమతాలు అమ్మింది బేరూత్‌లో ఉండే సుర్సోక్ అనే వర్తక కుటుంబం. 1858లో తుర్కు ప్రభుత్వం భూమి రిజిస్ట్రీ పెట్టినప్పుడు, పేరు రాయించుకుంటే పన్నులేస్తారు, సైన్యంలోకి లాక్కుపోతారు అని రైతులు వెనక్కి తగ్గారు. పట్టణాల షావుకార్లు తమ పేర రాయించుకున్నారు. తరాలుగా దున్నేవాళ్లు కాగితం మీద కౌలుదార్లయ్యారు. అమ్మకం జరిగాక కొద్దో గొప్పో డబ్బు చేతిలో పెట్టి లేచిపొమ్మన్నారు. యూదు జాతీయ నిధి కొన్న భూమిని మళ్లీ ఎవరికీ అమ్మేది లేదు, యూదులకు మాత్రమే సాగుకిస్తుంది. కాబట్టి అందులో కూలికి కూడా పాతవాడికి చోటు లేదు.

ఇది చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. మా ఊరు పుంగనూరు జమీలోది. మా ముత్తాత జమీందారుకు శిస్తు కట్టి దున్నినవాడే. ఆయన ఎవరికైనా భూములు అమ్మేసుంటే మేము ఏమయ్యేవాళ్లం? అదృష్టం కొద్దీ మదరాసు రాష్ట్రంలో 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం జమీ రైతుకు భూమి మీద కదల్చలేని హక్కు ఇచ్చింది. 1948లో జమీందారీలనే రద్దు చేశారు, రైతు పేర పట్టా వచ్చింది. ఆ పట్టా ఇప్పటికీ మా ఇంట్లో ట్రంకు పెట్టెలో, గుడ్డ సంచిలో ఉంది. పండక్కి పెట్టె తీసినప్పుడల్లా మా నాయన దాన్ని ఒకసారి విప్పి చూసి మళ్లీ మడిచి పెడతాడు. ఇక్కడ చట్టం చేసిన బ్రిటిష్ వాళ్లే అక్కడ 1929లో, 1933లో కౌలుదారు రక్షణ చట్టాలు చేశారు గానీ అవి ఆలస్యంగా వచ్చాయి, పెద్దగా కాపాడలేదు.

1929లో గొడవలు చెలరేగి 133 మంది యూదులు, 116 మంది అరబ్బులు చచ్చిపోయారు. హెబ్రోన్‌లో పొరుగువాళ్ల చేతుల్లోనే 67 మంది యూదులు హతమయ్యారు. విచారణకు పంపిన సర్ జాన్ హోప్ సింప్సన్ మన ఐ.సి.ఎస్.లో పనిచేసి వెళ్లినవాడు. భూమిలేని అరబ్బు రైతుల సమస్యను ఆయన 1930లో రిపోర్టులో రాశాడు. దాన్నిబట్టి ప్రభుత్వం యూదుల వలసను తగ్గిస్తామంది. వైజ్‌మన్ పదవికి రాజీనామా చేసి, తన పలుకుబడినంతా వాడి, మరుసటి ఫిబ్రవరికల్లా ప్రధాని మెక్‌డొనాల్డ్ చేత ఆ మాట వెనక్కి తీయించాడు. ఆయన రాజకీయ జీవితంలో గొప్ప గెలుపుల్లో ఇదొకటిగా రాస్తారు. హోప్ సింప్సన్ లెక్కగట్టిన ఆ రైతుల సంగతి ఏమైందో అదే పుస్తకాల్లో రాయరు.

అయితే ఆయన తొందర వెనుక ఉన్న భయం ఉత్తది కాదు. 1933లో హిట్లర్ వచ్చాడు. 1936లో పీల్ కమిషన్ ముందు వైజ్‌మన్ సాక్ష్యం చెబుతూ, తూర్పు ఐరోపాలో 60 లక్షల మంది యూదులకు ఉండనిచ్చే చోటూ, రానిచ్చే చోటూ లేకుండా పోయిందన్నాడు. ఆ అంకె తర్వాత ఏ రూపంలో నిజమైందో మనకు తెలుసు. ఈ పీల్ కూడా అంతకుముందు భారత మంత్రిగా చేసినవాడే. దేశాన్ని రెండుగా చీల్చాలన్న సలహా పాలస్తీనాకు మొట్టమొదట 1937లో ఈ కమిషనే ఇచ్చింది. పదేళ్లకు ఆ మందు మనకూ పోశారు. అరబ్బులు 1936 నుంచి 39 దాకా తిరగబడ్డారు, అణిచేశారు. 1939లో బ్రిటిష్ వాళ్లు అయిదేళ్లలో 75 వేల మందికి మించి యూదుల్ని రానివ్వమని తలుపు వేశారు. సరిగ్గా పారిపోవలసిన సమయంలో. మన గాంధీగారు 1938 నవంబర్‌లో హరిజన్ పత్రికలో యూదుల బాధ మీద సానుభూతి చూపిస్తూనే, పాలస్తీనా అరబ్బులదని రాశారు. ఆయన్ను విమర్శించినవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ విమర్శలోనూ బలం ఉంది. హిట్లర్ ముందు సత్యాగ్రహం చేయమనడం ఎంతవరకు సబబో నేను తేల్చలేను.

యుద్ధంలో వైజ్‌మన్ చిన్న కొడుకు మైకేల్ బ్రిటిష్ వైమానిక దళంలో ఉండి 1942 ఫిబ్రవరిలో కనిపించకుండా పోయాడు. శవం దొరకలేదు. ఎప్పటికైనా వస్తాడని ఆ తండ్రి చాలాకాలం ఎదురుచూశాడు. చూపు కూడా మందగించింది. 1946 జులైలో యూదు తీవ్రవాదులు జెరూసలేంలో కింగ్ డేవిడ్ హోటల్ పేల్చి 91 మందిని చంపినప్పుడు ఆయన ఆ పద్ధతిని ఖండించాడు. డిసెంబర్‌లో సొంత మహాసభే ఆయన్ను పక్కన పెట్టింది. బ్రిటిష్ వాళ్లను నమ్మిన ముసలాయనగా మిగిలిపోయాడు.

అయినా అవసరం వచ్చినప్పుడు ఆయన్నే పిలిచారు. 1947లో ఐక్యరాజ్యసమితిలో పంపకం చర్చకు వచ్చింది. దక్షిణాన ఉన్న నెగెవ్ ఎడారిని అరబ్బుల వాటాలో కలపాలని అమెరికా ప్రతినిధులు ఆలోచిస్తున్నారు. నవంబర్ 19న వైజ్‌మన్ ప్రెసిడెంట్ ట్రూమన్‌ను కలిసి, ఆ ఎడారిలో నీళ్లిస్తే పంటలు పండుతాయని మ్యాపు పరిచి చెప్పాడు. నెగెవ్ యూదుల వాటాలోనే ఉండిపోయింది. నవంబర్ 29న తీర్మానం 33-13 ఓట్లతో నెగ్గింది. జనాభాలో మూడో వంతు ఉన్న యూదులకు సగానికి పైగా భూమి వచ్చింది. వ్యతిరేకంగా ఓటేసిన 13 దేశాల్లో మనది ఒకటి. ఇరాన్, యుగోస్లావియాలతో కలిసి, రెండు జాతులూ ఒకే సమాఖ్యగా ఉండాలని మన ప్రతినిధి ప్రతిపాదించాడు. అప్పుడే దేశం చీలి నెత్తురు చూసినవాళ్లం మరి.

ఆ నెగెవ్ ఎడారి మా ఇంటి దాకా వచ్చిందంటే నమ్మండి. 1965లో అక్కడి హత్సెరిం అనే సమష్టి గ్రామంలో ఇంజనీరు సిమ్హా బ్లాస్ ఆలోచనతో డ్రిప్పు పైపుల ఫ్యాక్టరీ పెట్టారు. డ్రిప్పర్ లోపల నీటిని మెలికల దారిలో నడిపిస్తే ఒత్తిడి తగ్గి చుక్కలు చుక్కలుగా వేరు దగ్గర పడుతుంది. అంతే కిటుకు. మన దేశం 1950 సెప్టెంబర్‌లో ఇజ్రాయెల్‌ను గుర్తించినా, పూర్తి దౌత్య సంబంధాలు పెట్టింది 1992 జనవరిలో, మన తెలుగువాడు పి.వి. నరసింహారావు గారు ప్రధానిగా ఉన్నప్పుడు. అంతకుముందే పి.ఎల్.ఓ.ను, 1988లో పాలస్తీనా దేశాన్ని కూడా గుర్తించాం. తర్వాత కొన్నేళ్లకే కుప్పంలో ఇజ్రాయెల్ పరిజ్ఞానంతో ప్రదర్శన క్షేత్రం వచ్చింది. మా మేనమామది ఆ పక్క పల్లెటూరే. దూరాల నుంచి రైతులు వచ్చి చూసిపోయేవాళ్లనీ, ఎకరానికి అయ్యే ఖర్చు వింటే గుండె ఆగేదనీ చెప్తాడు. ఆ ఖర్చు మీద పత్రికల్లో విమర్శలూ వచ్చాయి. ప్రాజెక్టు పోయినా పైపులు నిలిచాయి. ఇవాళ మా పడమటి మండలాల్లో డ్రిప్పు లేని టమాటా తోట అరుదు. వెయ్యి అడుగుల బోరులో కాసిని నీళ్లు పడినా మదనపల్లె మార్కెట్టుకు కాయ పోతోందంటే దాని చలవే. ఆ మేలు నేను కాదనలేను. ఆ ఎడారిలో అంతకుముందు తిరిగిన బెదూయిన్ల కుటుంబాలు 1948 తర్వాత చాలావరకు లేవన్న సంగతి కూడా కాదనలేను.

1948 మే 14న ఇజ్రాయెల్ ప్రకటన జరిగింది. వైజ్‌మన్ అప్పుడు న్యూయార్క్‌లో ఉన్నాడు. స్వాతంత్ర్య పత్రం మీద ఆయన సంతకం లేదు, తర్వాతైనా పెట్టుకోవడానికి జాగా వదల్లేదు. ఆ లోటు ఆయన్ను చివరిదాకా బాధించింది. 1949 ఫిబ్రవరిలో అధ్యక్షుణ్ణి చేశారు. అధికారమంతా ప్రధాని బెన్ గురియన్‌ది. ఈయనది గౌరవ పదవి.

అదే యుద్ధంలో ఏడు లక్షలకు పైగా పాలస్తీనా అరబ్బులు ఊళ్లు విడిచి పోయారు. కొందర్ని తరిమారు, కొందరు దేర్ యాసిన్ లాంటి ఊళ్లలో జరిగిన చావుల మాట విని పరుగెత్తారు. వైజ్‌మన్ ఇల్లు రెహోవోత్‌లో, తన పరిశోధన సంస్థ పక్కనే ఉంది. 1934లో చిన్న ల్యాబుగా మొదలై తర్వాత ఆయన పేరుతోనే పెద్దదైన సంస్థ అది. రెహోవోత్‌ను ఆనుకొని జర్నూకా అనే అరబ్బు పల్లె ఉండేది. ఇరుగుపొరుగు సఖ్యంగానే ఉండేవాళ్లట. 1948 మే నెలాఖరుకు ఆ ఊరు ఖాళీ అయింది. ఈ వలస వల్ల కొత్త దేశం పని అద్భుతంగా తేలికైపోయిందన్న ధోరణిలో వైజ్‌మన్ తనతో మాట్లాడాడని అమెరికా రాయబారి మెక్‌డొనాల్డ్ తన పుస్తకంలో రాశాడు. ఇంతదాకా ఆయన్ను ఒక మేష్టారులా చూస్తూ వచ్చిన నాకు అక్కడ కాలు ఆగిపోయింది. పిన్స్క్ నుంచి ఒక మూట పట్టుకొని బయల్దేరినవాడు, కొడుకు శవం కూడా చూడనివాడు, తన కిటికీ అవతలి పల్లె ఖాళీ అయితే పని తేలికైందనుకున్నాడు. సూక్ష్మదర్శినిలో ఒక బాక్టీరియాను వేల వాటిలో గుర్తుపట్టిన కళ్లు అవి.

తిరిగి రావాలనుకునే శరణార్థుల్ని రానివ్వాలని 1948 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి తీర్మానించింది. అమలు కాలేదు. 1950లో ఇజ్రాయెల్ చేసిన పరోక్ష యజమానుల చట్టం వాళ్ల భూముల్ని ప్రభుత్వ కస్టోడియన్ కిందికి తెచ్చింది. వైజ్‌మన్ 1952 నవంబర్ 9న కన్నుమూశాడు. ఇంటి తోటలోనే సమాధి. అధ్యక్ష పదవి ఐన్‌స్టీన్‌కు ఇవ్వజూపితే ఆయన వద్దన్నాడు. ఆ తర్వాతి యుద్ధాలు, 1967 ఆక్రమణ, 1993 ఒప్పందం, 2023 అక్టోబర్ 7న ఇజ్రాయెల్‌లో చనిపోయిన సుమారు 1200 మంది, ఆ తర్వాత గాజాలో చనిపోయిన పదుల వేల మంది, ఇవన్నీ మనం పేపర్లో చూసినవే.

మొన్న సెలవుల్లో టమాటా తోటలో డ్రిప్పు పైపులు సరిచేస్తూ మా నాయనకు ఈ కథంతా చెప్పాను. అసిటోన్ దగ్గర ఊఁ కొట్టలేదు. బాల్ఫర్ దగ్గరా ఊఁ కొట్టలేదు. జర్నూకా మాట వచ్చినప్పుడు మాత్రం తలెత్తి, ఆ రైతుల పట్టాలు ఇప్పుడు ఎవరి దగ్గరున్నాయని అడిగాడు. అక్కణ్నుంచి పోయినవాళ్లలో చాలామంది ఇళ్ల తాళంచెవులూ, భూమి కాగితాలూ మనవళ్ల దాకా దాచుకున్నారని చదివానని చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. చేతిలోని జాయింటు బిగించి, పోయి మోటారు వేసి రమ్మన్నాడు.